ఓడలో ముందు సీటు

ముందే చెప్తున్నాను, ఈ ఓడ కథ వింటూ మధ్యలో ఎవడైనా పళ్ళు ఇకిలించాడంటే మర్యాద దక్కదు. నా ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. డబ్బు లేక కష్టపడేవాళ్ళని చూశాం. ఉన్న డబ్బు కట్టి, పైన ఇంకా కట్టి, కష్టాన్ని ఏరికోరి కొనుక్కొచ్చినవాడిని చూశారా? ఇదిగో, మీ ముందే కూర్చున్నాను. టీ చెప్పండి. నాకు పాలు తక్కువ వెయ్యమనండి, కడుపు ఇంకా కుదుటపడలేదు.

మా ఆవిడ చిలకమ్మకి బండి పడదని ఈ జీపు స్టాండులో తెలియనివాడు లేడు. పాడేరు ఘాట్‌లో జీపు తోలే సన్యాసిరావు పెళ్ళాం కక్కకుండా పాడేరు ఘాట్ దిగలేదు! నాకు ఇంతకంటే అవమానం ఉందా? మొదటి మలుపులో మాట ఆగిపోతుంది, రెండో మలుపుకి నిమ్మకాయ ముక్కు దగ్గరకి పోతుంది, ఆ తర్వాత కవరే. పెళ్ళైన కొత్తలో విశాఖ బీచ్ చూపిద్దామని తీసుకెళ్ళాను. ఇసకలో కూర్చుని మోకాళ్ళ మీద తల వాల్చేసింది. సముద్రం చప్పుడు విని వచ్చింది గాని సముద్రాన్ని చూడలేదు. చుట్టాల పెళ్ళిళ్ళకి వెళ్తుంది, కాదనను. కానీ బంతిలో కూర్చుని నాలుగు మెతుకులు తినగా నేను ఒక్కసారీ చూడలేదు. అందరూ భోజనాల దగ్గర ఉంటే తను లోపల చాప మీద పడుకుని ఉంటుంది. పోనీ వచ్చేటప్పుడైనా తింటుందా అంటే, మళ్ళీ బండెక్కాలని భయం. తిండంటే ప్రాణం పెట్టే మనిషి! ఇంట్లో చూడాలి, పండగనాడు నాకంటే ఎక్కువే తింటుంది.

ఈ ఏడు కాఫీకి రేటు బాగా పలికిందిగా. మా తోటలో గింజ అమ్మితే చేతిలో నాలుగు డబ్బులు మిగిలాయి. జీపుకి కొత్త టైర్లు వేద్దామని నేను ఉబలాటపడుతున్నాను. అప్పుడొచ్చింది చిలకమ్మ ఫోన్ పట్టుకుని. విశాఖ నుంచి బయల్దేరే టూరిస్టు ఓడ వీడియో అది. లోపల హోటలు, డాన్సులు, ఈతకొలను, బల్లల నిండా తిండి.

"మావా, సముద్రంలో మలుపులుండవు గదేటి?" అంది.

"నీళ్ళకి మలుపులేటే?"

"మరైతే ఓడలో నాకు కడుపులో తిప్పదు గదా. అందరిలాగ కూకుని తినొచ్చు గదా. ఒక్కపాలి ప్రయాణంలో కడుపు నిండా తినాలని ఉంది మావా, అంతే."

ఆ మాటకి నా గుండె కరిగిపోయింది. నిజం చెప్తున్నాను, నాకు ఓడ మీదా సముద్రం మీదా మోజేమీ లేదు. నా పెళ్ళాం ఊరు దాటి ఒక్క పూట సుఖంగా భోంచెయ్యాలి, అది నేను కళ్ళారా చూడాలి. టైర్ల సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు అనుకున్నాను.

విశాఖలో కిశోర్ అని ట్రావెల్స్ ఆయన ఉన్నాడు. మబ్బులు చూడ్డానికి వచ్చే టూరిస్టులని నా జీపుకి పంపేది అతనే. ఫోన్ చేసి ఓడలో గది ఎంత అని అడిగాను. చెప్పాడు. పర్వాలేదే అనుకున్నాను. అప్పుడు మెల్లిగా అంటాడు, "అన్నా, అది మనిషికి."

"గది అని చెప్పి మనిషికంటావేటి? లాడ్జీలో గదికి చెప్తారు కదా రేటు!"

"ఓడల్లో అలాగే అన్నా. అది కూడా గదిలో ఇద్దరుంటేనే. ఒక్కరే వెళ్తే ఇంచుమించు ఇద్దరి డబ్బూ కట్టాలి."

అంటే రాని మనిషికి కూడా టికెట్టు! నా జీపులో రాని మనిషికి చార్జీ అడిగానంటే నన్ను ఈ స్టాండులోనే తన్ని తగలేస్తారు. ఓడవాడు అడిగితే మాత్రం పద్ధతి! సరే, అక్కడితో ఆగాడా? పోర్టు చార్జీ వేరే, టాక్స్ వేరే, సర్వీసు చార్జీ వేరే. ప్రకటనలో పెద్ద పెద్ద అంకెల్లో వేసిన రేటుకి ఎవడూ ఓడ ఎక్కలేడట. మరి ఆ అంకె ఎందుకు వేశార్రా అంటే, "అది స్టార్టింగ్ ఫ్రమ్ అన్నా" అంటాడు. నాకు అప్పుడే ఫోన్ పెట్టేయాలనిపించింది.

గదులు నాలుగు రకాలట. కిటికీ లేనిది చవక. దాన్ని ఇన్‌సైడ్ అంటారు. కిటికీ ఉంటే ఇంకొంచెం. బాల్కనీ ఉంటే బాగా ఎక్కువ. నాలుగోది సూట్, అన్నిటికంటే పెద్దది. దాని రేటు అడిగితే, "అన్నా, అది మనకొద్దులే" అన్నాడు. మనకొద్దంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈలోగా చిలకమ్మ ఫోన్ లాక్కుంది.

"బాబూ, కిటికీ లేనిదే ఇయ్యి. తినేది బయట గదా, నిద్దరోటానికి కిటికీ ఎందుకు?"

సరేనని కింది అంతస్తులో, ఓడకి సరిగ్గా మధ్యలో ఒక గది బుక్ చేశాడు కిశోర్. కథ ఇక్కడితో అయిపోయి ఉంటే ఈపాటికి మీకు మిఠాయిలు పంచేవాడిని. అవ్వలేదు. వారం తిరక్కుండా ఓడ కంపెనీవాళ్ళ మెయిల్ వచ్చింది. "అభినందనలు! మీరు అప్‌గ్రేడ్‌కి అర్హులు!"

ఇంటర్ మూడుసార్లు రాసినవాడిని నేను. నన్ను ఇంతవరకు ఎవరూ దేనికీ అర్హుడని అనలేదు. మెయిల్ పట్టుకుని ఇల్లంతా తిరిగాను. ఏంటంటే, మనిషికి ఇంకొంత కడితే కిటికీ గదికి మారుస్తారు. దాంతోపాటు పెర్క్స్ ఇస్తారు. పెర్క్స్ అంటే కొసరు అని కిశోర్ చెప్పాడు. అందరికంటే ముందు ఓడ ఎక్కనిస్తారు. డ్రింక్స్ ప్యాకేజీ, స్పెషల్ రెస్టారెంట్‌లో ఒక పూట భోజనం, కాసేపు వైఫై, మసాజ్‌కి డిస్కౌంటు, ఓడలో ఖర్చు పెట్టుకోవడానికి కొంత క్రెడిట్. ఇంత కొసరు ఇస్తున్నాడంటే సరుకు ఎలాంటిదో అని సంతలో అయితే అనుమానపడేవాడిని. ఫోన్‌లో ఇచ్చేసరికి నా అనుమానం ఎక్కడికి పోయిందో!

"మావా, ఉన్నది సాలదేటి?" అంది చిలకమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. గుర్తుపెట్టుకోండి, ఈ మాట అన్నది నేనే.

కిశోర్ ఓడ పటం పంపాడు. ఆ ఆఫర్‌లో రెండు కిటికీ గదులు మిగిలాయి. ఒకటి మధ్యలో, ఒకటి ఓడకి కొస ముందు. రేటు ఒకటే.

ఇక్కడ నా తెలివి చూడండి. ఘాట్‌లో కడుపు తిప్పేవాళ్ళని మనం ఎక్కడ కూర్చోబెడతాం? ముందు సీట్లో, డ్రైవర్ పక్కన. రోడ్డు ఎదురుగా కనిపించాలి, మొహానికి గాలి తగలాలి. వెనక బల్ల మీద వేస్తే మనిషి చోడవరం చేరేలోపు వాడిపోతాడు. మధ్యలో ఇరుక్కున్నవాళ్ళ సంగతి అసలు చెప్పక్కర్లేదు. నెలలు నిండినవాళ్ళు, ముసలివాళ్ళు, కొత్తగా కొండెక్కే టీచరమ్మలు, అందరూ ముందు సీటు కోసం నన్ను బతిమాలుకున్నవాళ్ళే. ఇరవై ఏళ్ళ అనుభవం! మరి ఓడలో కడుపు తిప్పే మనిషికి ఏ గది తీసుకోవాలి? చెప్పండి. మీలో ఎవడైనా మధ్య గది తీసుకునేవాడా?

"ముందుదే ఇయ్యి" అన్నాను.

"అన్నా, ముందంటే కొంచెం ఊపు..." అని మొదలెట్టాడు కిశోర్.

"నాకు చెప్తావా ఊపు గురించి? ఘాట్ రోడ్డు మీద పుట్టాను నేను!" అన్నాను. నోరు మూసుకున్నాడు. ఇప్పటికీ నాకు అతని మీద పీకల దాకా కోపం. నేను తిట్టినా సరే, గట్టిగా అరిచి చెప్పాలా వద్దా? తిట్లకి భయపడేవాడు ట్రావెల్స్ ఎందుకు పెట్టాలి?

ఆ రోజు రానే వచ్చింది. ఘాట్ దిగేటప్పుడు చిలకమ్మ మామూలుగానే కవరు నింపింది. అయినా నవ్వుతూనే ఉంది. "ఇయ్యే ఆఖరు మలుపులు మావా, ఓడెక్కితే తిన్నగా ఎల్లిపోడమే" అంది. మూడు నిమ్మకాయలు మిగిలితే పోర్టు గేటు దగ్గర కొబ్బరిబొండాలవాడికి ఇచ్చేసింది, ఇంక వీటితో పనేంటని.

పోర్టులో మాకు వేరే లైను. అందరూ ఎండలో నిలబడి చూస్తుంటే మేము దర్జాగా ముందు నడిచాం. ముందు ఎక్కాం. ఎక్కాక తెలిసింది, గదులు మధ్యాహ్నం దాకా ఇవ్వరట, ఇంకా ఊడుస్తున్నారట. సంచులు ఒళ్ళో పెట్టుకుని మెట్ల దగ్గర కూర్చున్నాం. మా తర్వాత ఎక్కినవాళ్ళు, ఆ తర్వాత ఎక్కినవాళ్ళు, అందరూ వచ్చి మా పక్కనే కూర్చున్నారు. జీపు నిండితే గాని కదలదు, ముందెక్కినవాడు అందరికంటే ఎక్కువసేపు ఉక్కలో చస్తాడు. ఈ సంగతి నాకంటే బాగా ఎవడికి తెలుసు? తెలిసి తెలిసి డబ్బు కట్టాను! ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక, టోపీ పెట్టుకుని "వెల్‌కమ్ సర్" అన్న ఆయన మీద కస్సుమన్నాను. ఆయనకి తెలుగు రాదు, ఇంకోసారి వెల్‌కమ్ చెప్పాడు.

గది తలుపు తీశాం. మంచం బాగుంది, దుప్పటి బాగుంది. తువ్వాలుని మడిచి ఏదో జంతువుని చేసి పెట్టారు. అది కుక్కో ఏనుగో మాకు తేలలేదు. కిటికీ దగ్గరకి పరిగెత్తి తెర లాగాను. ఎదురుగా తెల్ల రంగు వేసిన ఇనప గోడ! గోడకి పైన జానెడు ఆకాశం. సముద్రం కావాలంటే మంచం మీద నిలబడి మెడ చాపాలి. ఫోన్‌లో మెయిల్ తీసి మళ్ళీ చదివితే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, "ఆబ్‌స్ట్రక్టెడ్ వ్యూ". అడ్డం ఉంటుంది అని వాడు ముందే చెప్పాడన్నమాట! చెప్పిన పద్ధతి అది. అభినందనలు మాత్రం ఎంత పెద్ద అక్షరాల్లో వేశాడో!

ఇంకా ఉంది, వినండి. కిటికీ పక్కన ఒక బోర్డు. పొద్దుగూకాక తెర తీయకూడదట. పైన ఓడ నడిపేవాళ్ళకి మన గది వెలుతురు కళ్ళలో పడుతుందట. అది నాకు అర్థమైంది, మనం కూడా చీకటి పడ్డాక జీపు లోపల లైటు వెయ్యనివ్వం కదా. అర్థమైనందుకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. కిటికీకి డబ్బు తీసుకుని, పగలు గోడ చూపించి, సాయంత్రం తెర వేసుకోమంటాడు!

"పోనీ మావా, బేగి రా, పైన తిండి పెడతన్నారంట" అని చిలకమ్మ నా చెయ్యి పట్టుకు లాగింది. సరిగ్గా అప్పుడు కదిలింది ఓడ.

పోర్టు లోపల ఉన్నంతసేపు బాగానే ఉంది. బయట సముద్రంలో పడ్డామో లేదో, మా గది పైకి లేచింది. లేచి, ఆలోచించుకుని, కిందకి దిగింది. మళ్ళీ లేచింది. కింద అల కొట్టినప్పుడల్లా ధన్‌మని చప్పుడు, గోతిలో పడ్డ జీపు అడుగు తగిలినట్టు. నిజమే, మలుపులు లేవు. ఉన్నవన్నీ ఎగుడుదిగుళ్ళే. చిలకమ్మ తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపు ఉంది చూడండి, దాని బదులు తిట్టినా బాగుండేది.

"మావా, ఇది ఘాట్ కంటే గోరంగా ఉంది" అంది.

నిమ్మకాయలు బొండాలవాడి దగ్గర ఉన్నాయి. కౌంటర్‌లో అడిగి మాత్ర తెచ్చాను. మాత్ర లోపల నిలవలేదు. మంచినీళ్ళు నిలవలేదు. పైన బల్లల నిండా తిండి, కింద నా పెళ్ళాం బాత్‌రూమ్ గట్టు పట్టుకుని కూర్చుంది. ఇంటి దగ్గరున్నా హాయిగా రాగి అంబలి తాగి పడుకునేది కదా, నేనే కదా తీసుకొచ్చి ఇందులో పడేశాను అని ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు కోపం కింద మారిపోతుంది, మీకు తెలుసు.

తెల్లారింది. ఆవిడ అలాగే ఉంది. పెర్క్స్‌లో వైఫై ఉందిగా, కిశోర్‌కి ఫోన్ కలిపాను. "ఏటయ్యా నువ్వు చేసిన పని? నువ్వు మనిషివేనా? నీకు పెళ్ళాం బిడ్డలు లేరా? నువ్వు రేపు పాడేరు రా, నిన్ను..." అనేసరికి మాట ఆగిపోయింది. వైఫై అయిపోయింది! తిట్టు గొంతులోనే ఉండిపోయింది. మిగతా తిట్టు పూర్తి చెయ్యాలంటే ఇంకో ప్యాకేజీ కొనాలట. అవతల కిశోర్ నేను దీవించాననుకున్నాడో ఏమో, "హ్యాపీ జర్నీ అన్నా" అని మెసేజ్ పెట్టాడు. అది తర్వాత ఎప్పుడో చూశాను.

పోనీ మిగతా కొసరు ఏమైనా పనికొస్తుందా? డ్రింక్స్ ప్యాకేజీ అంటే మందు. స్టీరింగ్ పట్టినప్పుడే నేను మందు మానేశాను, చిలకమ్మకి వాసనే పడదు. ఒకే గదిలో ఉన్నవాళ్ళిద్దరికీ కలిపే ఇస్తారట, ఒకరిది తీసేసి డబ్బు తగ్గించరట. మందు బదులు కాఫీ తాగొచ్చు అన్నారు. కాఫీ పండించే కొండ నుంచి వెళ్ళి, డబ్బు కట్టి, ఓడలో మిషను కాఫీ తాగాను! మసాజ్ డిస్కౌంటు అడిగితే, డిస్కౌంటు పోగా మిగిలిన రేటుకి నా జీపుకి ఫుల్ సర్వీసింగ్ అవుతుంది. స్పెషల్ రెస్టారెంట్‌లో భోజనం సంగతి ఎత్తనే వద్దు, దానికి వెళ్ళాల్సిన మనిషి లేచి నిలబడలేకపోతుంటే నేనేం తింటాను?

కాఫీ తాగి గదికి వచ్చేసరికి మంచం ఖాళీ. బాత్‌రూమ్ ఖాళీ. నా ప్రాణం గుటుక్కుమన్నంత పనైంది. అసలే ఓడ. అసలే ఊపు. చిలకమ్మా చిలకమ్మా అని అరుచుకుంటూ పొడుగాటి వరండాలో గోడలు పట్టుకుని పరిగెత్తాను. తలుపులు తీసి జనం తిట్టారు, ఏ భాషలో తిట్టారో నాకు తెలీదు. మెట్లు దిగాను, ఇంకా దిగాను. కింద పెద్ద హాలు, అక్కడ కౌంటరు. కౌంటరు పక్కన తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది చిలకమ్మ. చేతిలో బిస్కెట్టు!

"ఎక్కడికొచ్చేసినావే? నా గుండాగిపోయింది!" అన్నాను.

"ఇక్కడ కదలట్లేదు మావా" అంది.

నేను నిలబడి చూశాను. నిజమే. కొంచెం, అదీ మెల్లిగా. గదిలో ఉన్న దాంట్లో పావు వంతు లేదు. ఏం చేసిందంటే, గోడ పట్టుకుని నడిచిందట. వెనక్కి వెళ్ళేకొద్దీ కడుపులో తిప్పుడు తగ్గిందట. ఇంకా వెనక్కి పోతే మళ్ళీ మొదలైందట. మధ్యకి వచ్చి మెట్లు దిగితే ఇంకా తగ్గిందట. కడుపు ఎక్కడ ఊరుకుందో అక్కడ కూర్చుంది. ఆవిడ కడుపు కనిపెట్టింది నా ఇరవై ఏళ్ళ అనుభవం కనిపెట్టలేకపోయింది!

కౌంటర్‌లో పిల్లది శ్రీకాకుళం. చిలకమ్మ అప్పటికే ఆ పిల్లతో చుట్టరికం కలిపేసింది.

"గుంటా, ఇక్కడే కింద గదేటైనా ఖాళీగుందేటి సూడమ్మా."

ఆ పిల్ల కంప్యూటర్‌లో చూసి నవ్వింది. "ఒకటుంది అత్తా. మీరు మొదట బుక్ చేసిందే. మీరు అప్‌గ్రేడ్ అయ్యాక దాన్ని ఎవరూ తీసుకోలేదు."

నాకు నెత్తి మీద పిడుగు పడింది. అది ఖాళీగా ఉందా! మేము డబ్బు కట్టి వదిలేసిన గది, కిటికీ లేని గది, చల్లగా, కదలకుండా, తాళం వేసుకుని మా కోసం కూర్చుని ఉందా!

"అయితే మా అప్‌గ్రేడ్ డబ్బు వెనక్కి ఇచ్చెయ్యండి" అన్నాను.

"డౌన్‌గ్రేడ్‌కి రీఫండ్ ఉండదు సార్."

"పైకి పోతే తీసుకుంటారు, కిందకి దిగితే ఇవ్వరా? ఏం న్యాయం ఇది?"

"రూల్ సార్. పెర్క్స్ మాత్రం మీకే ఉంటాయి."

పెర్క్స్ అన్న మాట వినగానే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఎంత అరిచానంటే, అటు డాన్సు ప్రాక్టీసు చేస్తున్నవాళ్ళు ఆపి చూశారు. ఆ పిల్ల పాపం నన్ను చూసి భయపడలేదు, వాళ్ళ ఊళ్ళో ఇంకా పెద్ద గొంతులు వినుంటుంది. "సార్, మీరు కూడా ఆ గదికే మారతారా?" అని అడిగింది.

చూడండి, దేవుడు అక్కడ నాకొక దారి చూపించాడు. సరే అంటే పోయేది. నేనేమన్నానో తెలుసా? "నేను మారను! కిటికీకి డబ్బు కట్టాను, కిటికీ దగ్గరే ఉంటాను!"

"మావా, ఎందుకలాగ సేత్తన్నావు? రా" అంది చిలకమ్మ.

"నువ్వెళ్ళు. పైసా పైసా వసూలు చేసుకుని గాని నేను కదలను."

ఆవిడ సంచీ తీసుకుని కింది గదికి పోయింది. నేను వీరుడిలా ముందు గదికి వచ్చి, ఇనప గోడకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

మీకు ఒక రహస్యం చెప్తాను, మన డ్రైవర్లం ఎప్పుడూ ఎందుకు కక్కమో తెలుసా? గట్టి కడుపులని కాదు. చేతిలో స్టీరింగ్ ఉంటుంది కాబట్టి. మలుపు రాకముందే మన ఒంటికి తెలుస్తుంది. ఆ కుర్చీలో నా చేతిలో స్టీరింగ్ లేదు. బ్రేకు లేదు. ఎవడో పైన కూర్చుని నడుపుతున్నాడు, వాడి మొహం కూడా నేను చూడలేదు. మధ్యాహ్నానికి గాలి పెరిగింది. గది లేచింది, దిగింది. నా కుడికాలు దానంతటదే బ్రేకు కోసం నేలని తొక్కుతోంది. మిషను కాఫీ ముందు కదిలింది.

ఆ తర్వాత జరిగింది చెప్పను. ఎన్నో ఏళ్ళుగా నా జీపులో "కాస్త ఓర్చుకోలేరా, బండి పాడు చేస్తారా" అని ఎంతమందిని కసిరానో, వాళ్ళందరి ఉసురూ ఆ సాయంత్రమే తగిలింది. బాత్‌రూమ్ గట్టు దగ్గర చిలకమ్మ కూర్చున్న చోటే కూర్చున్నాను. గోడని తిట్టాను, అలని తిట్టాను, కాఫీ మొక్కని కూడా తిట్టాను, రేటు పలక్కపోతే ఈ గొడవే ఉండేది కాదని.

దారిలో ఏదో ఊరి దగ్గర ఓడ ఆగింది. అందరూ దిగి ఫొటోలు దిగారట. నాకు దిగడానికి కాళ్ళలో సత్తువ లేదు. అప్పుడు తలుపు తట్టి వచ్చింది చిలకమ్మ. తల దువ్వుకుని, పూలు ఎక్కడ సంపాదించిందో పెట్టుకుని, చేతిలో పళ్ళెంతో. నేను మంచం మీద ముడుచుకుని పడి ఉన్నాను.

"మావా, ఇడ్డెన్లు తిన్నాను. పూరీలు తిన్నాను. అదేటో తెల్లగా, మెత్తగా, నోట్లో ఎట్టుకుంటే కరిగిపోయేది, కేకంట, అది మళ్ళీ మళ్ళీ తెచ్చుకున్నాను. ఎవుళూ కసరలేదు. నీ పెసల్ ఓటల్‌కి కూడా ఎల్లొచ్చాను, సేపలు బాగా వండినారు. ఒక్కపాలి కూడా కడుపులో తిప్పలేదు మావా!"

ఎక్కడి నుంచి వచ్చిందో కోపం, నాకు లేకుండా తింటావా అని అరుద్దామని నోరు తెరిచాను. కానీ ఆవిడ అప్పటికే మంచం అంచున కూర్చుని పళ్ళెంలోది తినడం మొదలెట్టింది. తింటూ మాట్లాడుతోంది, మాట్లాడుతూ తింటోంది, పెదవి పక్కన క్రీము అంటుకుంది. ఊరు దాటాక నా పెళ్ళాం తినగా చూడటం నాకు అదే మొదలు. నాకు సంతోషం ముంచుకొచ్చింది. దాంతో పాటే ఇంకోటి కూడా ముంచుకొచ్చింది, కేకు వాసనకి. పరిగెత్తాను.

మిగతా ప్రయాణం అంతా అలాగే గడిచింది. కింది గదికి రమ్మని ఆవిడ రోజుకి పది మాట్లు పిలిచింది. నేను వెళ్ళలేదు. పౌరుషం అనుకున్నారేమో, అంత లేదు. లేచి నడవలేక.

ఆఖరి రోజు విశాఖ తీరం కనిపించిందని ఎవరో అరిచారు. నేను మంచం మీద నిలబడి మెడ చాపే ఓపిక లేక పడుకునే ఉన్నాను. చిలకమ్మ మొహం వెలిగిపోతూ వచ్చింది.

"మావా, నీకేదో క్రెడిట్టుందంట గదా ఓడలో కర్సుకి. ఆ కౌంటర్ గుంట సెప్పింది. వాడకపోతే పోతాదంట."

"ఏం కొన్నావే?"

"కొన్లేదు. మళ్ళీ ట్రిప్పుకి అడ్వాన్సు కట్టేసినాను. ఓడలో ఉండగా బుక్ చేసుకుంటే తగ్గిత్తారంట. మజ్జిలో గది, కింద అంతస్తు, కిటికీ వద్దని రాయించాను. అప్‌గ్రేడ్ మెయిలేదీ పంపొద్దని కూడా సెప్పేసినాను. ఇద్దరికి."

నాకు ఒళ్ళు జలదరించింది. అయినా మనసు ఆగలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళకి నా పెళ్ళాం నన్ను ఎక్కడికైనా తీసుకెళ్తానందిరా! "నేను రాలేనే చిలకమ్మా, మళ్ళీ ఓడంటే నా వల్ల కాదు" అన్నాను.

"నిన్నెవులు రమ్మన్నారు?" అంది. "మా సెల్లి గౌరమ్మ వత్తాది, అడ్డతీగల నుంచి. దానికీ నాలాగే బండి పడదు. అదీ ఎక్కడా తిన్నెరగదు. నువ్వు మమ్మల్ని జీపులో పోర్టు దాకా దింపు, సాలు."

"ఘాట్‌లో ఇద్దరూ కక్కుతారు కదే!"

"కక్కుతాం. కింద ఓడలో బోజనం ఉంది గదేటి, మళ్ళీ నింపుకుంటాం."

అదీ సంగతి. ఇప్పుడు మీరు నవ్వుతారు, నవ్వండి, ఆపను. నాకు చోటు లేదనుకుంటున్నారేమో, నాకూ చూసింది చోటు. పోర్టు గేటు బయట పార్కింగ్‌లో, జీపులో. వాళ్ళు తిరిగొచ్చేదాకా అక్కడే ఉండాలట. పెర్క్ ఏంటంటే, ఓడలోంచి నాకు కేకు ముక్క తెస్తుందట. అదీ, నేను కక్కనని ముందే మాటిస్తేనే.